లూథర్‌గారి సీసా మెడ

మిసిసిపీ సరిహద్దు దాటగానే హైవే పక్కన ప్రయాణికులు ఆగే చోట, కాఫీ మెషీన్ పక్క అరలోంచి పోయిన నెల ఒక రంగుల కరపత్రం తీసుకున్నాను. అచ్చు సిరా వాసన ఇంకా పోలేదు. పైన పెద్ద అక్షరాలతో ‘మా ఊరికి రావడానికి పది కారణాలు’ అని ఉంది, కింద రైలు పట్టాలు, పత్తి చేను, గిటార్ పట్టుకున్న ఎవరో ముసలాయన నీడ. నేను మూడేళ్ళు పెరిగిన ఊరు అది. కారులో కూర్చుని పదీ చదివాను: సంగీతం మ్యూజియం, పాతకాలపు పాటగాళ్ళ సమాధులు, శనివారం సాయంత్రాల వాయిద్యాలు, వేయించిన చేపలు, ఇంకా ఏవో. అన్నీ నిజమే. అయినా నాకు ఒళ్ళు మండింది. ఊరిని పది ముక్కలుగా కోసి పెట్టిన ఆ మనిషెవరో అక్కడ ఒక్క వేసవి కూడా గడిపి ఉండరు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న మమ్మల్ని ఆ ఊరికి తీసుకొచ్చారు. డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేస్తేనే ఈ దేశంలో ఉండనిస్తామని వీసా షరతు. ఊళ్ళో తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. కందిపప్పు కావాలన్నా, కరివేపాకు కావాలన్నా మెంఫిస్ పట్నం దాకా డ్రైవ్ చేయాలి. అమ్మ తెనాలి మనిషి, మాట్లాడకపోతే తోచదు. అలాంటిది అక్కడ తోడు లేక కుక్కర్‌తో మాట్లాడేది.

నాకు మాత్రం ఆ ఊరు పండగలా ఉండేది. వేసవి మధ్యాహ్నాలు ఉడికి ఉడికి సాయంత్రానికి ఒక్కసారిగా కుండపోత కురిసేది, ఆ తడి ఆరకముందే దోమలమందు బండి పొగ చిమ్ముకుంటూ వీధిలోకి వస్తే పిల్లలందరం దాని వెనకాల పరుగెత్తేవాళ్ళం, కిటికీలోంచి అమ్మ తిట్లు ఆ పొగలో కలిసిపోయేవి. ఆదివారం ఉదయం చర్చి కిటికీలు తెరిస్తే పాట వీధి దాటి మా వంటింట్లోకి వచ్చేది, అమ్మ ఇడ్లీ పిండి వేస్తూ తెలియకుండానే దానికి తాళం వేసేది. పెట్రోల్ బంకులో ఒకావిడ మొక్కజొన్న పొత్తుల మీది ఆకుల్లో పిండీ మాంసమూ చుట్టి ఉడికించి అమ్మేది. పనసాకుల్లో ఉడికించే మన పొట్టిక్కల్లా ఉన్నాయని ముచ్చటపడి కొన్న అమ్మ, లోపల ఏముందో తెలిసి రెండు రోజులు నోరు పుక్కిలించింది. అక్టోబరు వస్తే పత్తి ఏరే యంత్రాలు దిగేవి, రోడ్డు పొడుగునా దూది చారలు, ముక్కుల నిండా ఆకులు రాల్చే మందు ఘాటు.

ఆ అక్టోబరులోనే ఊరి సంగీతం పండగ. దాని కోసమే ఊరు ఏడాదంతా ఎదురుచూసేది.

గిటార్ వాయించి పాడే లూథర్‌గారు రైలు పట్టాలకు అవతల, నల్లవాళ్ళ పేటలో ఉండేవారు. పెద్దవాళ్ళని పేరుకు ముందు మిస్టర్ పెట్టి పిలవడం అక్కడి మర్యాద, నేను మిస్టర్ లూథర్ అనేదాన్ని. అమ్మ లూథర్‌గారు అనేది, కానీ ఆ గౌరవం మాటలోనే. పట్టాల అవతలికి వెళ్ళొద్దని నాకు గట్టి ఆజ్ఞ. ఎందుకమ్మా అంటే అక్కడ తాగుతారు అనేది. మా వీధిలోని తెల్లవాళ్ళ ఇళ్ళ వెనక పోగుపడ్డ సీసాలు ఆమెకు కనబడలేదని కాదు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

నేను లైబ్రరీకని చెప్పి వారానికి రెండు రోజులు ఆయన వరండాకే పోయేదాన్ని. ఆయన ఎడమచేతి చిటికెన వేలికి ఒక గాజు గొట్టం తొడుక్కుని తీగల మీద అటూ ఇటూ జార్చేవారు. వేళ్ళతో నొక్కితే గిటార్ మాట్లాడుతుంది, గాజుతో జారిస్తే ఏడుస్తుంది. ఆ గొట్టం నిజానికి విస్కీ సీసా మెడ. కుర్రతనంలో ఆయన అన్నయ్య దాన్ని కోసి, రాతిమెట్టు మీద వారం రోజులు అంచులు అరగదీశాడట. అన్నదమ్ములిద్దరూ దాన్నే వంతులవారీగా తొడుక్కుని వాయించారు. అన్న పోయాక ఇంకో దానితో ఆయన వాయించలేదు. నా వేలికి అది వదులు. లోపల కాగితం చుట్టి తొడిగి, నెమ్మదిగా పోనివ్వు, తొందరేముంది అనేవారు.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు, పండగకు వారం ముందు, ఆయన్ని నాన్న పనిచేసే ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇల్లు కురుస్తోంది, గిటార్ ఎక్కడ పెట్టాలన్నది ఆయన దిగులు. డాక్టరుగారి ఇల్లే మంచిది, అక్కడ వాయించడం వచ్చినవాళ్ళు లేరు కాబట్టి భద్రంగా ఉంటుందని నవ్వారట. నాన్న గిటార్ పెట్టెను ఇంటికి తెచ్చారు. శనివారం పండగలో ఒక్క పాట, కూర్చునే, తర్వాత నేరుగా మళ్ళీ మంచం మీదికి అని ఒప్పందం. ఇక ముందు ఆయన పాడలేరని, ఇదే ఆఖరుదని నాన్న భోజనాల దగ్గర అమ్మతో అన్నారు. నేను విన్నాను.

ఆ వారమే దసరా. శుక్రవారం సరస్వతీపూజ పెట్టుకుంది అమ్మ. బుధవారం ఇల్లంతా దులిపింది, నా పుస్తకాలన్నీ సర్దింది, తర్వాత ఆ గిటార్ పెట్టె వైపు చూసింది. వాద్యం ఎవరిదైతేనేం, సరస్వతే కదా, బొట్టుపెట్టి అమ్మవారి దగ్గర పెడదాం అంది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నేను తమలపాకులు కడగడానికి వెళ్ళి వచ్చేసరికి అమ్మ గరాజ్‌లో చెత్తడబ్బా మూత ఎత్తి, రెండు వేళ్ళతో పట్టుకున్న గాజు గొట్టాన్ని లోపల వేస్తోంది.

“పగిలిన గాజు ఇంట్లో ఉండకూడదు. అదీ సారా సీసాది, సరస్వతి పక్కన,” అంది.

అది పగిలింది కాదమ్మా అని చెప్పాలి. అంత మాటే. కానీ నీకెలా తెలుసు అని అడుగుతుంది, అడిగితే పట్టాలూ, వరండా, లైబ్రరీ అబద్ధం అన్నీ బయటపడతాయి. అమ్మ ఎటైనా వెళితే తీసి దాచేద్దామనుకున్నాను, కానీ ఆమె సాయంత్రం దాకా అక్కడే తుడుస్తూ ఉంది, ఆ తర్వాత డబ్బా రోడ్డు పక్కకు తీసుకెళ్ళి పెట్టేసింది. గురువారం ఉదయం స్కూల్ బస్సు ఎక్కుతుంటే చెత్తబండి మలుపు తిరిగింది. దిగి పరుగెత్తితే అందుతుంది. డ్రైవర్ తలుపు వేసేదాకా మెట్టు మీదే నిలబడ్డాను, తర్వాత లోపలికి వెళ్ళి కూర్చున్నాను. వెనక అద్దంలోంచి చూస్తుండగా మా డబ్బా పైకి లేచి బోర్లా పడింది.

శుక్రవారం పులిహోర, గారెలు, చక్కెరపొంగలి. గిటార్‌కు గంధం, కుంకుమ, మెడలో బంతిపూల దండ. అమ్మ ఎంతో శ్రద్ధగా పూజ చేసింది. నాకు ప్రసాదం నోట్లోకి పోలేదు. రేపు ఆయన రాకుండా ఉంటే బాగుండునని దండం పెట్టుకున్నాను, ఒక జబ్బు మనిషి గురించి అలా కోరుకున్నందుకు వెంటనే చెంపలు వేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం నాన్న ఆయన్ని కారులో తీసుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా, ఒక చేతిలో టోపీ, పక్కన చక్రాల మీద ఆక్సిజన్ సిలిండర్. పెట్టె తెరిచి, గిటార్ మీద కుంకుమ బొట్టు చూసి మురిసిపోయారు. తర్వాత లోపలి చిన్న అరలో చెయ్యి పెట్టారు. పక్కనంతా తడిమారు. అడుగున పరిచిన పట్టుగుడ్డ అంచు ఎత్తి చూశారు. ఆయన నావైపు చూశారు. నేను తల దించుకున్నాను.

“నేనే పారేశానండీ,” అంది అమ్మ, ఇంగ్లీషులో, తడబడుతూ. పగిలిన ముక్కనుకున్నానని చెప్పి ఏడ్చేసింది. నాన్నకు విషయం అర్థమై, ఆసుపత్రి నుంచి వేలికి పట్టే చిన్న మందు సీసాలు తెస్తానని కారు తాళాలు తీసుకున్నారు. లూథర్‌గారు వద్దని చెయ్యి ఊపారు. పెట్టె మూత వేశారు.

“గాజే కదమ్మా,” అన్నారు. “నన్ను స్టేజీ దాకా తీసుకెళ్ళండి.”

ఆయన పాడారు. గాజు ఏడవాల్సిన చోటల్లా వేళ్ళు ఆపేసి, ఆ స్వరాన్ని గొంతుతో లాగబోయారు. ఊపిరి చాలేది కాదు. సగంలో స్వరం తెగేది, మళ్ళీ అందుకునేవారు. నాన్న స్టేజీ పక్కన ఒక కాలు మెట్టు మీద పెట్టి, ఎప్పుడు పరుగెత్తాలా అని నిలబడ్డారు. మూడో చరణం దగ్గర ఆయన ఆగిపోయారు. ఇక స్వరం రాలేదు. జనం అదీ పాటలో భాగమే అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరికీ తెలియదు, మాకు తప్ప. చలికాలం పూర్తికాకుండానే ఆయన పోయారు, తర్వాతి వేసవికి నాన్న షరతు తీరి మేం అల్ఫారెట్టా అనే ఇంకో ఊరికి వచ్చేశాం.

పదమూడేళ్ళ తర్వాత కరపత్రం సీటు మీద పడేసి ఆ ఊరికే వెళ్ళాను. ఆయన ఇల్లున్న చోట మ్యూజియం వాళ్ళ కార్ పార్కింగ్ ఉంది. చర్చికి ఏసీ పెట్టించారు, కిటికీలు తెరవరు. దోమల బండి వస్తుందా అని అడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి అయోమయంగా చూసింది.

అక్కణ్ణుంచి దసరాకి అమ్మ దగ్గరికి వెళ్ళాను. పాత్రల అర దులుపుతోంది. ఇప్పుడు అమ్మ ఏ వస్తువూ అడగకుండా పారెయ్యదు, చిట్లిన కప్పు పిడి పట్టుకుని కూడా నా మొహం చూస్తుంది. ఆ చూపు భరించలేక చెప్పేశాను.

“అమ్మా, ఆ రోజు అదేంటో నాకు తెలుసు. నువ్వు డబ్బాలో వేస్తుంటేనే తెలుసు.”

అమ్మ ఆశ్చర్యపోలేదు. స్టూల్ దిగి కూర్చుంది.

“నాకూ తెలుసే,” అంది. “మెత్తటి గుడ్డలో చుట్టి, దారం కట్టి పెట్టుకున్నాడాయన. పనికిరాని దాన్ని ఎవరన్నా అట్టా దాచుకుంటారటే? ముడి విప్పుతుంటేనే తెలిసింది. పండగ పూట నా మడి నాకు ఎక్కువైంది.”

పదమూడేళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరం దాన్ని మోశాం. తప్పు నాదని చెప్పి ఆయన్ని క్షమించమని అడగాలని ఉంది నాకు, అమ్మకూ ఉంది. అడగడానికి ఆయన లేరు.