బస్సులో రాసిన వార్త, దుకాణం ముందు చెరిపేశాను

కామారెడ్డిలో ఇంటర్నెట్ రాకముందు పెట్టిన కంప్యూటర్ దుకాణం మూతపడుతోందని పొద్దున ఎల్లారెడ్డిలో విన్నాను. నా ఫోటోలన్నీ ఉన్న పాత కంప్యూటర్ రిపేరుకు అక్కడే ఉంది. విలేకరిని కదా, బస్సులో సగం వార్త కూడా రాసేసుకున్నాను. వెళ్లి చూస్తే సామానంతా బయట ఉంది. యజమాని ముక్కుకు తువ్వాల కట్టుకుని ఊడుస్తున్నాడు.

“దుకాణం బంద్ జేస్తున్నవంట గదా, అన్నా?”

“ఎవలు జెప్పిండ్రు తమ్మీ? దసరాకు దులుపుతున్న. మిషన్లకు బొట్లు పెట్టద్దా? ప్రతి ఏడు సామాను బయట వెడ్త, ప్రతి ఏడు ఎవలో ఒకలు గిట్లనే పుకారు లేపుతరు. నీది మంచిగైంది, తీస్కపో.”

ఆన్ చేసి చూపించాడు. ఫోటోలన్నీ ఉన్నాయి. నా సగం వార్తను అక్కడే చెరిపేశాను. వార్త తప్పని తేలితే ఇంత హాయిగా ఉంటుందని ఈ రోజే తెలిసింది. మీరు మొదటి కంప్యూటర్ కొన్న దుకాణం ఇంకా తెరిచే ఉందా?