రెండో సంగు

కాంపౌండర్ మామ పోయాడని ఆయన కూతురు పోదనూరు నుంచి ఫోన్ చేసింది. నిద్రలోనే పోయాడట. ఆ మాట వినగానే నాకు దూది వాసన వచ్చింది. ఎందుకో చెబుతాను.

మా నూలు మిల్లు ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ ఆయనది. కళ్లద్దాలూ రెండు చేతులూ తప్ప బయటికి మనిషి కనబడేవాడు కాదు. దగ్గుమందుకు సీసా మనమే తీసుకెళ్లాలి. మందు పోసి, మోతాదుకొక గాటు చొప్పున కత్తిరించిన కాగితం పట్టీ దానికి అంటించేవాడు. మా లైన్ ఇళ్లలో గడియారాలు లేవు. అందుకని వేళ చెప్పడానికి మిల్లు సైరన్‌నే వాడుకునేవాడు. దాన్ని మేం సంగు అంటాం.

నాకు ఐదేళ్లప్పుడు దగ్గు పట్టుకుంది. "సంగు ఊదినప్పుడు ఒక గాటు మందు తాపు అక్కా" అన్నాడు మా అమ్మతో. షిఫ్టుకొక మోతాదని ఆయన ఉద్దేశం. మిల్లు మాత్రం ప్రతి షిఫ్టుకూ రెండుసార్లు ఊదేది: బయలుదేరమని ఒకటి, గేటు మూస్తున్నామని ఒకటి. అమ్మ ఎవరేం చెప్పినా జవదాటని మనిషి. రెండింటికీ తాపింది.

ఆ మందు మత్తు నిద్ర నాకింకా గుర్తుంది. గది నిండా దూది రాలుతోంది, నేను దాని మీద తేలుతున్నాను. దూరంగా ఎవరో నా పేరు పిలుస్తున్నారు, పలకాలంటే బద్ధకం. నాకు భయం లేదు, భయమంతా మా అమ్మది. మర్నాడు మధ్యాహ్నమైనా నేను లేవకపోతే నన్నూ సీసానూ ఎత్తుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తిందట. తగ్గిన గాట్లు చూసి ఆయన మొహం పాలిపోయిందట. నన్ను భుజాన వేసుకుని వార్డుకు ఉరికాడట. డాక్టరు అమ్మను తిట్టబోతే, "అక్క తప్పేమీ లేదు సార్. నేను చెప్పిందే తప్పు" అన్నాడట.

నేను బతికాను. ఆయన మారిపోయాడు. అప్పటినుంచి ఎవరికి మందిచ్చినా సీసా వదలకుండా పట్టుకుని "తిరిగి చెప్పు" అనేవాడు. వరుస గేటు దాకా పెరిగేది. షిఫ్టు తప్పుతుందని జనం విసుక్కునేవారు.

"వార్డులో ఉండేవాళ్లకి నర్సు ఉండాది. ఇంటికి పోయే సీసాకి ఎవరుండారు?" అనేవాడు. "నేను చెప్పింది కాదప్పా మందు, నువ్వు విన్నది మందు."

మేం పిల్లలం వెనక 'తిరిగిచెప్పు మామ' అని నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వాను, ఇప్పుడు సిగ్గేస్తోంది.

కిందటి నెల, మంచాన ఉన్న ఆయన్ని చూడ్డానికి పోదనూరు వెళ్లాను. కూతురు పనికి వెళ్లింది, మధ్యాహ్నం మందు నేనే ఇవ్వాలి. సీసా అందుకోబోతే ఆయన వదల్లేదు.

"తిరిగి చెప్పు అమ్మణీ."

"మధ్యాహ్నం ఒక మూత. అంతే మామా."

"ఇంకో సంగు ఊదితే?"

మిల్లు మూతపడి ఎన్నేళ్లయిందో.

"ఊదినా ఇయ్యను మామా."

అప్పుడు సీసా వదిలాడు. మందు తాగి, కిటికీ వైపు తల తిప్పుకుని, రెండోది ఊదుతుందేమోనని చెవి ఒగ్గి పడుకున్నాడు.