బాపు నిలబడ్డ ఓడ

కరీంనగర్‌లో మా వీధి చివర గేట్లు చేసే వెల్డింగు షాపు ఉంది. పొద్దున్నే కాలిన ఇనుము వాసన, దానికి పూసే ఎర్ర రంగు వాసన కలిసి ఇంట్లోకి వస్తే మా ఆయన విసుక్కుంటూ కిటికీ మూస్తారు, నేను వెళ్ళి తెరుస్తాను. చిన్నప్పుడు మా బాపు, అంటే నాన్న, సెలవు మీద వచ్చి సూట్‌కేసు విప్పినప్పుడు సెంటు సీసాలు, మెత్తటి కంబళి, పాలపొడి డబ్బాలు అన్నిటి అడుగునా అదే వాసన ఉండేది.

బాపు దుబాయిలో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు. దుబాయి పోయినవాళ్ళు ఎవరిదో కారు మీద చెయ్యి వేసి ఫొటో దిగి ఇంటికి పంపడం అప్పట్లో ఆనవాయితీ. కారు తనది కాదని పంపినవాడికీ తెలుసు, చూసేవాళ్ళకూ తెలుసు, అయినా ఊరంతా తిప్పి చూపించేవాళ్ళం. మా బాపు కార్లతో సరిపెట్టుకునే మనిషి కాదు. చమురు ఓడ ఎక్కి, దానికి తనే కెప్టెన్ అయినట్టు నడుం మీద చేతులు పెట్టుకుని ఫొటో దిగాడు. నీళ్ళలో పడ్డవాళ్ళకు విసరడానికి పక్కన వేలాడదీసిన తెల్లటి చక్రం మీద 'లిల్లీ స్టార్' అని ఇంగ్లీషులో ఓడ పేరు ఉండేది. ఐదో తరగతిలో నేను కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు మాటలు అవే.

ఆ రోజుల్లో ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటూ మధ్యలో పోయే చమురు ఓడలను కాల్చేవి, పెద్ద దేశాలేమో యుద్ధనౌకలను కాపలా పంపేవి. బతుకమ్మ పండుగ మొదటి రోజున, ఒడినిండా గునుగు, తంగేడు కోసుకొస్తూ హోటలు దగ్గర పేపరు చూశాను. లిల్లీ స్టార్ మీద క్షిపణి పడిందనీ, కొందరు చనిపోయారనీ ఉంది. ఓడ మీద నిలబడ్డ మనిషి ఓడతోనే పోతాడనుకున్నాను. ఇంటికి ఉరికి నేనే చెప్పాను.

సముద్రం చూసినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు, నువ్వు తప్పుగా అనుకుంటున్నావని చెప్పేదెవరు? బడి సారు తంతి ఇచ్చారు, జవాబు లేదు. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. అవ్వ బతుకమ్మ పేర్చనంది. నాయినమ్మ వినలేదు.

"కబురు రాకముందు ఏడిస్తే వానికి కీడు. పూలు పేర్చు."

అవ్వ రోజూ పేర్చింది, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగింది, పాట మాత్రం పెదవి దాటలేదు. ఆ పేరు చదివినందుకు నా కళ్ళు పీకేసుకోవాలనిపించింది.

తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. అవ్వ నువ్వుల సత్తుపిండి దంచుతుండగా, దుబాయిలో బాపు గదిలోనే ఉండే పక్క ఊరి మల్లయ్య సెలవు మీద వచ్చి క్యాసెట్ ఇచ్చాడు. ఉత్తరాలు రాయలేనివాళ్ళు మాటలు అందులోనే నింపి పంపేవాళ్ళు. టేపురికార్డరులో వేశాం.

"మొన్న లిల్లీ స్టార్‌ను కాల్చిండ్రు. గుంజుకొచ్చి మల్ల మా యార్డులనే పెట్టిండ్రు. కాల్చుడు నిమిషం పని, అతుకుడు మూడు నెల్ల పని. నేను మంచిగున్న, ఫికర్ చెయ్యకుండ్రి."

అవ్వ పిండి చేతులతోనే టేపురికార్డరును ఒళ్ళోకి తీసుకుని ఏడుస్తూ నవ్వింది. నేను మూడు సత్తుముద్దలు తిన్నాను. ఆ సాయంత్రం వాడకట్టులో అందరికంటే గట్టిగా పాడింది అవ్వే. ఇంటికొస్తూ మాత్రం నెమ్మదిగా, "గా ఓడల సచ్చినోళ్ల ఇండ్లల్ల గిట్లనే ఎదురుచూసిండ్రేమో" అంది.

తర్వాత సెలవుకొచ్చిన బాపు కథంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు. కదిలే ఓడ తానెన్నడూ ఎక్కలేదట, ఈత కూడా రాదట, ఓడను నీళ్ళలోకి దించే ముందే దిగిపోతాడట.

ఇప్పుడూ ఆ దారిలో ఓడలను కాలుస్తున్నారు. ఎవరికెన్ని యుద్ధనౌకలున్నాయి, ఎవరు ఎక్కువ కట్టగలరు అని టీవీలో గంటల తరబడి వాదించుకుంటున్నారు. మా తమ్ముడి కొడుకు అక్కడి యార్డులోనే ఉన్నాడు. మొన్న వార్త చూసి నేను ఫోన్ అందుకునేలోపే "మంచిగున్న అత్తమ్మా" అని వాడి మెసేజ్ వచ్చింది. క్యాసెట్లు పోయాయి, రోలు పోయింది, సత్తుపిండి దుకాణంలో కొంటున్నాం. వాటికి బెంగ ఉంది. కబురు కోసం ఎదురుచూసిన ఆ తొమ్మిది రోజులు కూడా పోయాయి. మా తమ్ముడి భార్య వాటిని ఎన్నడూ చూడదు. అందుకు మాత్రం నాకు ప్రాణం హాయిగా ఉంది.