కొత్త బ్రౌజరు అడిగిన మొదటి ప్రశ్న

మా చిన్నప్పటి రేపల్లెలో ఇంటర్నెట్ అంటే కంప్యూటర్ తెర మీది నీలం రంగు 'ఇ' అక్షరమే... దాన్ని బ్రౌజరు అంటారని, అలాంటివి మరికొన్ని ఉంటాయని మాకు తెలియదు.

స్టేషన్ రోడ్డులో, మేడ మీద, మస్తాన్ మామయ్య ఇంటర్నెట్ సెంటరు. నాలుగు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డుచెక్కలు, కిటికీ గూట్లో మరచెంబుతో మంచినీళ్ళు... భట్టిప్రోలు నుంచి, నిజాంపట్నం నుంచి కూడా ఆయన దగ్గరికే వచ్చేవారు. కారణం ఆయన నియమం. రోజూ సాయంత్రం ఒక్కొక్క కంప్యూటరు ముందూ కూర్చుని, ఆ రోజు ఎవరు ఏం చూశారో, ఏ పాస్‌వర్డు వదిలి వెళ్ళారో మొత్తం చెరిపేసేవారు.

"జనం నన్ను నమ్మి వస్తారు బుజ్జమ్మా. వాళ్ళ గుట్టు నా దగ్గర ఉండకూడదు" అనేవారు.

అంతలో ఎదురు వరుసలో ఇంకో సెంటరు వెలిసింది. 'కొత్త బ్రౌజరు, రెట్టింపు వేగం' అని బోర్డు పెట్టారు. అప్పటినుంచి వచ్చినవాళ్ళు మెట్ల మీదే నిలబడి అడిగేవారు.

"ఏంటి మస్తానూ, ఆ నక్క బొమ్మది లేదా నీ దగ్గర?"

"నక్క దేనికిరా నీకు? ఇంట్లో కోళ్ళు ఎక్కువయ్యాయా?"

నవ్వేసేవారు గాని, ఆ వారమే నక్క బొమ్మ బ్రౌజరు వచ్చి చేరింది. ఆ తర్వాత ఎర్రటి సున్నా బొమ్మది... తెర మీద బొమ్మలు పెరుగుతూ పోయాయి. ఏది తెరిచినా ఒకటే మాట: 'నన్నే మీ ముఖ్య బ్రౌజరుగా ఉంచుకుంటారా?' ఒకదానికి సరేనంటే మర్నాడు రెండోది అడిగేది. ఆ అద్దం వెనక, మాకు కనబడకుండా, ఏదో తగువు జరుగుతున్నట్టు ఉండేది. ఎందుకో భయం వేసేది...

నాకు పదకొండేళ్ళ వయసులో మా అక్క సునీతకు ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ వచ్చింది. ఏ కాలేజీ ముందు, ఏది వెనుక అని వెబ్‌సైటులో వరుసగా పెట్టాలి; గడువు దాకా మార్చుకోవచ్చు. బడిపంతులైన మా నాన్న ఒకటే షరతు పెట్టారు.

"బాపట్ల అయితే పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికొస్తావు. హాస్టలంటే నా వల్ల కాదమ్మా."

అక్క మస్తాన్ మామయ్య సెంటర్లో కూర్చుని బాపట్ల మొదట, తెనాలి దగ్గరిది తర్వాత పెట్టింది. పాస్‌వర్డు గుర్తుంచుకోనా అని ఆ నీలం 'ఇ' అడిగితే సరేనంది. సాయంత్రం మామయ్య చెరిపేస్తారు కదా అని మా ధీమా.

అక్క తన కాగితాలు జిరాక్సు తీయించడానికి కిందికి దిగింది. నేను స్టూలు మీదే ఉన్నాను. అదే సమయానికి మామయ్య తెనాలి నుంచి పెన్‌డ్రైవులో తెచ్చిన మరో బ్రౌజరును ఆ కంప్యూటర్లోనే ఎక్కించడం మొదలుపెట్టారు. రంగురంగుల బంతి బొమ్మ దానికి. సగంలో అజాన్ వినిపించింది.

"నమాజుకి వెళ్ళొస్తా బుజ్జమ్మా. నువ్వు నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుతూ ఉండు."

నొక్కుతూ పోయాను. చివర్లో అది అడిగింది... పాత బ్రౌజరులో ఉన్న పేజీల గుర్తులూ పాస్‌వర్డులూ నా దగ్గరికి తెచ్చుకోనా అని. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను. పాపం, కొత్తగా వచ్చింది, ఏమీ లేకుండా ఎలా కాపురం చేస్తుంది అనుకున్నాను. సరే నొక్కాను. ఆకుపచ్చని గీత ఒకటి మెల్లగా పాకి, చివరిదాకా నిండి, మాయమైంది.

ఆ సాయంత్రం మామయ్య ఎప్పటిలాగే అన్నీ చెరిపారు. కొత్తదాన్ని ఇంకా ఎవరూ వాడలేదు కదా అని దాని జోలికి వెళ్ళలేదు.

గడువు ముగిశాక సీటు వచ్చింది... ఎక్కడో రాయలసీమలో. అక్క పేరు కింద ఉన్న వరుసలో బాపట్ల లేదు, తెనాలి లేదు. ఆమె ఎన్నడూ పేరైనా వినని కాలేజీలు ఉన్నాయి.

నాన్న సెంటరుకు వెళ్ళి నిలదీశారు.

"నేను రోజూ చెరిపేస్తానండి మాస్టారూ. కావాలంటే మీరే చూడండి" అని మామయ్య ఆ నీలం 'ఇ' తెరిచి చూపించారు. ఖాళీగా ఉంది.

"మరి ఎలా మారిందండి?"

రంగుల బంతిని తెరవాలని ఎవరికీ తోచలేదు. అక్క తెనాలిలో డిగ్రీకి చేరింది. మస్తాన్ దగ్గర గుట్టు నిలవదని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. ఏడాది తిరగకముందే మామయ్య సెంటరు మూసేశారు.

ఇప్పుడు నా ఉద్యోగం బ్రౌజర్లను పరీక్షించడం. చేరిన కొత్తలో, కొత్త బ్రౌజరు పాతదాని సరుకంతా ఎలా నకలు తీసుకుంటుందో మాకు చూపించారు. ఇటు చెరిపినా అటు నిలిచే ఉంటుంది. ఆ రోజుల్లో రంగుల బంతి తెరిచి అదే వెబ్‌సైటుకు వెళ్ళినవారి ముందు అక్క హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డు వాటంతటవే నిండి ఉండాలి. తమ పేజీయేననుకుని మార్చారో, తెలిసే మార్చారో... తెలియనిదాన్ని తెలుసునని చెప్పలేను. తెర మీద ఆకుపచ్చ గీత పాకుతుంటే స్టూలు మీద కూర్చుని నేను 'సరే' నొక్కిన రోజు గుర్తొచ్చింది.

ఆ రోజే అక్కకు ఫోన్ చేసి చెప్పాను. అంతా వింది. తర్వాత ఒక్క మాటే అడిగింది. "మామయ్యకు చెప్పావా?"

రేపల్లె వెళ్ళాను. బస్టాండు దగ్గర చిన్న ఫ్యాన్సీ దుకాణంలో ఉన్నారాయన. గాజుల పెట్టెలు సర్దుతూనే మొత్తం విన్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. చివరి పెట్టె మూసి, నా వైపు చూడకుండా అడిగారు.

"మరి అన్నేళ్ళూ నేను చెరిపింది ఏంటమ్మా?"

ఈ వారం నా ఫోనులోకి మరో కొత్త బ్రౌజరు వచ్చింది. పాతదాని సరుకు తెచ్చుకోనా అని అదే ప్రశ్న... ఈసారి 'సరే' దగ్గర టిక్కు తనే పెట్టుకుని మరీ అడిగింది.

మీరు చదవకుండా నొక్కిన మొదటి 'సరే' ఏదో, దాని వెంట ఏం వెళ్ళిపోయిందో... తెలిసినవారు కింద రాయండి. తెలియనివారే ఎక్కువ ఉంటారని నా భయం.