బతుకమ్మ చుట్టూ నాలుగు డబ్బాలు

నిజామాబాద్‌లో మా కాలనీ బతుకమ్మను నేనొక్కణ్ణే ఆగమాగం చేసిన ముచ్చట ఇది. వాన తప్పు కాదు, కరెంటు తప్పు కాదు, అచ్చంగా నా తెలివితేటల పుణ్యం. నా పరువు ఎట్లా పోయిందో నిమ్మళంగా చెప్తాను, మీరు నవ్వుకోండి.

అప్పుడు నేను బోధన్‌లో కరుణ టీచర్ దగ్గర కీబోర్డు నేర్చుకుంటున్నాను. ఆమె చాలాకాలం చర్చిలో పాటల బృందాన్ని నడిపిన మనిషి. ఒక పాటను నాలుగు గొంతులకు ఎట్లా పంచాలో ఆమే నేర్పింది. పైగొంతు అసలు పాట పాడుతుంది. మిగిలిన మూడు గొంతులు దాని కింద ఎవరి దారిన వాళ్ళు నడుస్తూనే దానితో జత కుదురుతాయి. అన్నిటికంటే కింద ఉండేది బాస్.

"రెండు గొంతులు ఒకే ఎడంతోని పక్కపక్కన నడవొద్దు బాబూ. రోడ్డు మీద రెండు చెరుకు ట్రాక్టర్లు పోయినట్టుంటది" అనేది టీచర్.

నా మొదటి కాగితాల నిండా ట్రాక్టర్లే. చివరికి ఒక పాట తప్పుల్లేకుండా కుదిరింది. ఇక నేను నేల మీద నడిస్తే ఒట్టు!

ఇంతలో మా మేనత్త రాజవ్వకు కష్టమొచ్చింది. మా కాలనీలో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆమే. కిందటేడు కాలనీల బతుకమ్మ పోటీలో వెనక కాలనీ వాళ్ళు డీజే పెట్టి బహుమతి తన్నుకుపోయారు. అత్త రెండు పూటలు అన్నం ముట్టలేదు.

"ఈయేడు గూడ ఓడితే నేను పాట ఎత్త. ఇంకెవల్నన్న సూస్కోండ్రి" అని తేల్చి చెప్పింది.

అత్త పాడని బతుకమ్మను తలచుకుంటేనే నాకు గుండె బరువెక్కింది. వెంటనే ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాను.

"అత్తా, పసుపు పంట మీద నువ్వు కట్టిన పాట నాకియ్యి. నాలుగు గొంతులల్ల పాడిపిస్త. డీజే గీజే దాని ముందర ఎందుకూ పనికిరాదు!"

"నాలుగు గొంతులేందిరా అల్లుడా? అందరం ఒక్కతీరు పాడితేనే గదా పాట!"

"నన్ను నమ్మత్తా."

నమ్మింది పాపం. కమ్యూనిటీ హాల్లో చాపలు పరిచి ఆడవాళ్ళను నాలుగు మూలలా నాలుగు గుంపులుగా కూర్చోబెట్టాను. ప్రతి గుంపు ముందు ఒక స్పీకరు డబ్బా పెట్టి, నేను కీబోర్డు మీద వాయించి రికార్డు చేసినవాటిలో ఆ గుంపు పాడాల్సిన గొంతు మాత్రమే అందులో వినిపించాను. పైగొంతును అత్త గుంపుకు, బాస్‌ను పిండిగిర్ని లక్ష్మక్కకు అప్పగించాను. గిర్ని తిరుగుతున్నా ఆమె మాట వీధి చివరిదాకా వినపడుతుంది మరి.

"అందరు గుట్టలెక్కి దిగుతుంటె నేనొక్కదాన్నే కింద కూసోవాల్నా?" అని లక్ష్మక్క నిలదీసింది.

"నువ్వు కూసుంటేనే వాళ్ళు నిలవడుతరక్కా! ఒక్కటే గుర్తువెట్టుకోండ్రి. మీ ముందున్న డబ్బా ఏం చెప్తే అదే పాడాలె."

పండుగ దాకా రోజూ సాధన. ఎవరి గొంతు వాళ్ళను వంటింట్లో కూడా వదల్లేదు. కరుణ టీచర్‌ను కూడా పిలిచి ముందు వరుసలో కుర్చీ వేశాను.

ఆ సాయంత్రం మైదానం మధ్యలో బతుకమ్మలు పెట్టారు. నాలుగు మూలలా నా నాలుగు డబ్బాలు. అత్త పాట ఎత్తుకుంది, నాలుగు గొంతులు లేచాయి. నాకు ఒళ్ళు పులకరించింది. వెంటనే ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ అడుగు పక్కకు వేశారు.

అయ్యా, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నాను, బతుకమ్మ ఆడేవాళ్ళు గుండ్రంగా తిరుగుతారని. హాల్లో కూర్చోబెట్టి పాడించిన మేధావికి ఆ సంగతే గుర్తు రాలేదు!

అత్త గుంపు తిరిగి తిరిగి బాస్ డబ్బా ముందుకు చేరింది. చెప్పిన మాట జవదాటని మనుషులు కదా, అందరూ ఒక్కసారిగా గొంతు పాతాళానికి దించారు. అవతల లక్ష్మక్క పైగొంతు డబ్బా ముందుకొచ్చి ఒక్క కేక పెట్టింది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. రెండు డబ్బాల నడుమ చిక్కినవాళ్ళు సగం ఇది, సగం అది పాడుతున్నారు. వెనక కాలనీ వాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"ఏం డబ్బాలురా ఇవి? బంద్ చెయ్యి!" అని అత్త తిరుగుతూనే అరిచింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాను. పరుగెత్తి ప్లగ్గు పీకేశాను.

చప్పట్లు మాత్రం ఆగలేదు. ఇక అందరూ అత్త పాటలోకే దిగిపోతారు, నా చదువంతా మట్టిపాలే అనుకున్నాను. అత్త మళ్ళీ ఎత్తుకుంది. కింద నుంచి లక్ష్మక్క బాస్ పట్టింది. మిగిలిన రెండు గుంపులూ ఎవరి గొంతు వాళ్ళు పట్టారు. ఇప్పుడు పాట మనుషులతో పాటు తిరుగుతోంది. మనం కుర్చీలోంచి కదలకుండానే ఒక్కో గొంతూ మన దగ్గరకొచ్చి పలకరించి పోతోంది. నేను సిగ్గులేకుండా ఏడ్చేశాను.

కరుణ టీచర్ నా చెయ్యి పట్టుకుంది. "మేము జీవితమంతా నిలవడే పాడినం బాబూ. గిట్ల తిప్పాలని మాకెందుకు తోచలే?"

"నాక్కూడ తోచలే టీచర్" అన్నాను నిజాయితీగా.

మొదటి బహుమతి మాకే! "వచ్చేయేడు గూడ పాట నేనే ఎత్తుత!" అని అత్త మైకులోనే చాటింది. కాలనీ అంతా ఈలలు వేసింది. ఆ ఊపులోనే అత్త బహుమతి పెట్టె విప్పింది.

లోపల నడుమెత్తు స్పీకరు డబ్బా.

అత్త దాన్నీ, నన్నూ మార్చి మార్చి చూసింది. "అల్లుడా, దీన్ని ఏ మూలకు పెట్టాల్నో నువ్వే చెప్పు."

అది ఇప్పటికీ మా ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక ఉంది. దాని మీద చెయ్యి పెట్టి, నిండు కాలనీ సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇది: ఈ జన్మలో తిరిగే ఆడవాళ్ళకు తిరగని డబ్బాను కాపలా పెట్టను.