ఈకలా చీలిన ఆకు

ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. అన్ని పాఠాల్లోకీ నాకు ఇష్టమైనది పిచ్ఛాకార సంయుక్త పత్రం. పిచ్ఛమంటే నెమలి ఈక. నడుమ ఒక ఈనె, దానికి రెండు పక్కలా వరసగా చిన్న చిన్న పత్రకాలు. కుప్పంలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలకు ఈ మాటలు గొంతు దిగేవి కావు. అందుకని పొద్దున్నే మార్కెట్‌కు పోయి ఆకులు కొనేదాన్ని. కరివేపాకు రెబ్బ కొసన ఒంటి ఆకు ఉంటుంది, అది విషమపిచ్ఛకం. చింతాకు కొసన జంట ఉంటుంది, అది సమపిచ్ఛకం. దారిలో తుంచుకొచ్చే తుమ్మాకులో ఈకకు మళ్ళీ ఈకలు పుడతాయి, కాబట్టి ద్విపిచ్ఛకం. మునగాకు మూడుసార్లు చీలుతుంది. పాఠం అయ్యాక తుమ్మ తప్ప మిగతావన్నీ ఇంటికి తెచ్చి వండుకునేదాన్ని.

రిటైరయ్యాక మదనపల్లె దాటి కురబలకోట దారిలో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి వెనక చిన్న మామిడి తోట. ప్రతి ఎండాకాలం ఒకాయన తన గొర్రెల మందను నాలుగు రాత్రులు ఆ తోటలో నిలిపేవాడు. చెట్లకు ఎరువు, ఆయనకు మా ఇంటి సంగటి. నేను గుట్టల వెంట తిరిగి ఆకులు ఏరుకొచ్చేదాన్ని కాబట్టి నన్ను ఆకుల టీచరమ్మ అనేవాడు. ఆ పేరు విని లోపల మురిసిపోయేదాన్ని, దాచుకోవడం ఎందుకు.

పోయినేడు తొలి వానలు పడిన వారానికి ఒక రెమ్మ పట్టుకుని వచ్చాడు.

“ఈ ఆకేందో సూడండి టీచరమ్మా. దీన్ని మేసి మొన్న రెండు గొర్రెలు సచ్చిపోయినాయి, ఈ పొద్దు మూడు. మా నాయన కాలం నుంచీ ఆ గుట్ట మీద నాకు తెలీని సెట్టు లేదు. ఇది ఈ ఏడే మొలిసుండాది.”

కళ్ళజోడు పెట్టుకున్నాను. భూతద్దం తెచ్చుకున్నాను. ఈకకు ఈకలు, ఎంత పొందికగా ఉందో. ద్విపిచ్ఛాకారం, సందేహం లేదు. ఏ చెట్టో మాత్రం అంతు చిక్కలేదు.

“పువ్వుంటే తేలిగ్గా చెప్తానప్పా.”

“పువ్వు యాడిదమ్మా, పూసేలోపలే మేసేస్తాండాయి. బాగా బలిసినవే పోతాండాయి. సాయంత్రం ఎగురుకుంటా దొడ్డికొచ్చినవి తెల్లారేసరికి కాళ్ళు సాపుకోనుంటాండాయి.”

ఆ చివరి మాటలు నా చెవిన పడ్డాయి, బుర్రకెక్కలేదు. నా ధ్యాసంతా ఆకు మీదే. సుబాబుల్ ఆకు కూడా ఇలాగే ఉంటుంది, అది ఎక్కువ మేస్తే గొర్రెలకు బొచ్చు ఊడుతుందని ఎప్పుడో చదివాను. ఇది దాని చుట్టమై, దానికంటే చెడ్డదై ఉండాలి. ఆ అరకొర తెలివితో తీర్పు చెప్పేశాను.

“గుట్ట మీదికి తోలొద్దు. కింద వాన నీళ్ళు పారే వంక పక్కన లేత పచ్చిక బాగా లేచింది కదా, అక్కడ మేపుకో.”

ఆయన ముఖం తేటపడింది. నేను ఆ రెమ్మను పాత పేపర్లో పెట్టి, మీద బరువు పెట్టాను.

తర్వాత పది రోజులూ ఆయన వస్తూనే ఉన్నాడు. రెండు పోయాయనేవాడు. నాలుగు పోయాయనేవాడు. నలభై గొర్రెలు తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. నేను పుస్తకాలన్నీ కింద పరుచుకుని కూర్చునేదాన్ని. ఏ పేజీలోనూ చచ్చే గొర్రెను ఆపే సంగతి లేదు. ఒకరోజు, పశువుల ఆస్పత్రికి పోయావా అని అడిగాను. “మీరు సూస్తాండారు కదమ్మా” అన్నాడు. అప్పుడైనా కసిరి పంపి ఉండాల్సింది. పంపలేదు. ఆ మాట నాకు తియ్యగా తగిలింది, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

పుంగనూరులో మా చిన్నాన్న కూతురు పశువుల డాక్టరు. మూడు వారాల తర్వాత ఏదో పని మీద వాళ్ళింటికి పోతూ, ఎండిన రెమ్మను సంచిలో వేసుకున్నాను. చెల్లెలు దాన్ని వాకిట్లోనే గుర్తుపట్టింది.

“దశరథ గడ్డి కదక్కా ఇది. దీన్ని మించిన మేత లేదు. విత్తనాలు మేమే పంచుతాండాము. ఎవురి సేన్లోదో గుట్టకెక్కుంటాది.”

“మరి గొర్రెలు ఎందుకు చచ్చాయి?”

“బలిసినవే పోయినాయా? రాత్రికి రాత్రే?”

అవునన్నాను.

“చిటుకు రోగం. తొలి వానకు లేసిన లేత పచ్చిక కడుపు నిండా మేస్తే వస్తాది. వానలకు ముందే సూది ఏయించాల. వచ్చినంక గూడా మిగిలినోటికి ఏయించి, పచ్చిక దగ్గరికి పోనీకుంటే సగమైనా దక్కుండేవి.”

అది కాఫీ పెట్టింది. నేను తాగలేకపోయాను. మదనపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆయనకు చెప్పకుండా ఉండే దారి ఏదైనా ఉందా అని వెతుక్కున్నాను.

బస్సు దిగి నేరుగా గుట్ట దగ్గరికి పోయాను. ఆయనా, ఆయన భార్యా వంగి ఆ మొక్కలను వేళ్ళతో సహా పీకుతున్నారు. పక్కన పెద్ద కుప్ప. దూరంగా పదిహేడు గొర్రెలు కట్టేసి ఉన్నాయి.

“మీరు సెప్పినంక ఒగటి గూడా మిగల్చకూడదని పీకేస్తాండామమ్మా. పక్క ఊరోళ్ళకు గూడా సెప్పినాను.”

“పీకొద్దప్పా. ఇది మంచి మేతే. నేనే పొరపాటు పడ్డాను. వాటికి వచ్చింది చిటుకు రోగమంట. మిగిలినవాటికి రేపే సూది వేయించు.”

ఆయన నడుము ఎత్తాడు. చేతిలో మట్టి వేళ్ళతో పచ్చటి కట్ట అలాగే ఉంది.

“ఏం మేస్తే వస్తాదమ్మా ఆ రోగం?”

“వాన పడినాక లేచే లేత పచ్చిక.”

ఆయన వంక వైపు చూశాడు. ఆయన భార్య కూడా చూసింది.

“ఆడికి తోలమన్నది మీరే కదమ్మా” అన్నాడు. గొంతులో కోపం లేదు. “కాదు, నువ్వే తప్పుగా విన్నావు” అని నేను అంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

“నేనే” అన్నాను.