ఎర్ర గడుల వీధి

మా కోడలు బయటికి వెళ్ళే ముందు ముఖానికి సన్‌స్క్రీన్ రాసుకుంటుంది. మూత తీయగానే ఆ వాసన, కొంచెం కొబ్బరిలా, కొంచెం కొత్తగా రంగు వేసిన గోడలా, వంటింటి దాకా వస్తుంది. పొయ్యి దగ్గర నాకు సరళక్క గుర్తొస్తుంది. బోయిగూడలో మా పక్క వాటాలో తల్లితో ఉండేది. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. పొడుగ్గా, సన్నగా ఉండేది. చెంపల మీద, చేతుల మీద బొల్లి మచ్చలు. సికింద్రాబాదులో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులు కనిపించిన రోజులవి. అక్క ఒక ఆఫీసులో మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టు చేసేది, కంప్యూటర్లో వివరాలు ఎక్కించే పని. మూడో తరగతితో చదువు ఆపేసి, పెళ్ళయి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన నన్ను ఈ ఊళ్ళో మొదట పలకరించింది ఆవిడే.

అక్క రోజూ ఇలాంటి క్రీమే రాసుకోవడం చూసి నేను ఉండబట్టలేక, "తెల్లబడ్డానికేటి, అక్కా?" అని అడిగేశాను. అక్క పకపకా నవ్వింది. "ఇంకా తెల్లగైతే ఏం మిగుల్తది చెల్లె? మచ్చల కాడ ఎండకు తోలు కాల్తది, పొక్కులొస్తయ్. గందుకే." నాకూ కొంచెం ఇచ్చి, "డైరెక్టు ముఖానికి పెట్టకు. మోచేతి లోపల జెర రాసి రేపటిదాంక చూడు" అంది. దద్దుర్లేమీ రాలేదు. స్నానం చేసి, అలవాటుగా పసుపు రాసుకుని, దాని మీద క్రీము దట్టంగా పట్టించి నీళ్ళ ట్యాంకరు దగ్గర నిలబడ్డాను. చెమటకి పచ్చటి ధారలు కారి జాకెట్టంతా పాడయింది. వరుసలో ఆడవాళ్ళందరూ ఒకటే నవ్వు. అక్క తన కొంగుతోనే నా ముఖం తుడిచింది. "ఇల్లు అలికినట్టు పూసినవ్ గదనే!"

ఆదివారాలు నన్ను తన గదిలో కూర్చోబెట్టుకునేది. ఆఫీసు వాళ్ళు తీసేసిన పాత కంప్యూటరు ఒకటి తెచ్చుకుంది. తెర మీద చిన్న చిన్న గడులు. ఒక్కో గడికి ఒక్కో రంగు నింపుతూ పోయేది. దగ్గర నుంచి చూస్తే ఏమీ తెలియదు, వెనక్కి జరిగితే చిలుక. పిక్సెల్ ఆర్ట్ అంటారని చెప్పింది. "ఎవరికి చూపిస్తావక్కా ఇవన్నీ?" అంటే, "నీకు చూపిస్తలేనా?" అనేది.

ఆ ఎండాకాలం పొద్దున్నే వచ్చే ట్యాంకరు మిట్టమధ్యాహ్నానికి మారింది. కార్పొరేటరు మనుషులుండే పై వీధికి ముందు పోయి, ఆ తర్వాత మాకు వచ్చేది. అక్క చేతులు బొబ్బలెక్కాయి. ఎండలో నిలబడడం మానకపోతే ముదురుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. "నీ బిందెలు నేను పడతాను" అన్నాను. ఒప్పుకోలేదు. "నీకు సుత ఎండే గదనే. క్రీముంది గదా అని ధైర్యం జెయ్యకు, చెమటకు పోతది. మల్ల మల్ల రాసుకున్నా నీడ నీడే. ట్యాంకరు పొద్దున రాకపోతే మేం ఇల్లు ఖాళీ చేసుడే."

ఆ ఆదివారం అక్క చిలుకలు పక్కన పెట్టి మా రెండు వీధులూ గడులుగా వేసింది. పొద్దున నీళ్ళు వచ్చే ఇల్లు నీలం, మధ్యాహ్నం వచ్చే ఇల్లు ఎరుపు. రెజిమెంటల్ బజారులో రంగుల ప్రింటు తీయించి, నన్ను వెంటబెట్టుకుని కార్పొరేటరు దగ్గరికి వెళ్ళింది. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏందమ్మా గిది, మా పిల్లగాండ్లు ఆడే వీడియో గేమా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అక్క విషయం చెప్పింది. ఆయన ఆమె చేతుల వంక చూసి, "నీ ఒక్కదాని తక్లీఫ్ కోసం టైం మార్చాల్నా?" అన్నాడు.

అక్క నా వైపు తిరిగి, "చెల్లె, ఎర్ర గడులల్ల ఎవరున్నరో జెర చెప్పు సార్‌కు" అంది. నా యాస వింటే కూరగాయల బండివాడే నవ్వేవాడు. అయినా కాగితం మీద వేలు పెట్టాను. "ఇది మా ఇల్లండి. దీని పక్కన ముసలమ్మ, నడుం వంగిపోనాది, బిందె ఎత్తలేదు. ఈ గడిలో బాలింతరాలు, పసిబిడ్డని చంకనేసుకుని నిలబడతాది. ఇందల పెద్దాయన, గుండె ఆపరేషనైంది..." వీధి చివరి దాకా చెప్పుకుంటూ పోయాను. ఎక్కడా తడుముకోలేదు. నవ్వులు ఆగిపోయాయి.

"ఏ ఊరమ్మా నీది?" అన్నాడాయన.

"ఊరు శ్రీకాకుళమేనండి. ఓటు బోయిగూడలోనే ఉంది."

ముందు నవ్వింది ఆయనే. ట్యాంకరు మనిషికి అక్కడి నుంచే ఫోను చేశాడు. పొద్దున నీళ్ళు రావడం మొదలైంది. మధ్యలో ఒకసారి మళ్ళీ తప్పితే మళ్ళీ వెళ్ళాం. ఈసారి గదిలోకి ముందు అడుగు పెట్టింది నేను. అక్క ఆ ఇంట్లోనే చాలా ఏళ్ళుండి, తల్లి పోయాక ఏ.ఎస్. రావు నగర్ వైపు మారిపోయింది.

ఇప్పటికీ చుట్టుపక్కల ఏ ఇబ్బంది వచ్చినా కార్పొరేటరు ఆఫీసుకి వెళ్ళడానికి నన్నే పిలుస్తారు. నా యాస మారలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళు నవ్వితే నవ్వనిస్తాను. వాళ్ళ నవ్వు అయ్యాక, మొదటి ఇంటి నుంచి, ఎవరింట్లో ఎవరున్నారో చెప్పడం మొదలుపెడతాను.